జానీ కేరీని ఏ గడిలో పెట్టాలి

మా అక్క కొడుకు హైదరాబాదులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ అంటే వాడికి ప్రాణం. మొన్న సంక్రాంతి సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ క్లబ్బు చరిత్ర మొత్తంలోంచి ఏరి కూర్చుకున్న జట్టు అది. పదకొండు గడులు, వాటిలో పదకొండు పేర్లు, కింద ఒక అడ్డగీత, ఆ గీత కింద అవసరానికి పనికివచ్చే ఐదుగురు. ఆ ఐదుగురిలో ఆఖరి పేరు జానీ కేరీ.

కేరీని కింద ఎందుకు పెట్టావని అడిగాను. "ఎక్కడ పెట్టినా ఆడతాడు కదా మామయ్యా. ఎవరికి దెబ్బ తగిలినా ఆయన్ని పంపొచ్చు. అందుకే బెంచి మీద ఉంచాను" అన్నాడు. వాడు ఆ మాట గౌరవంతోనే అన్నాడు. కేరీ గురించి ఎక్కడ చదివినా మొదట కనిపించేది ఆ మాటే: తొమ్మిది స్థానాల్లో ఆడాడు, ఎక్కడ నిలబెట్టినా నిలబడ్డాడు, కాదనలేదు. మా వాడు చదివినదాన్నే నమ్మాడు. అయినా ఆ కాగితం చూసినప్పటి నుంచి నా మనసులో ఒక బాధ ఉండిపోయింది. 1945 తర్వాత ఆ క్లబ్బును మళ్ళీ నిలబెట్టిన జట్టుకు కెప్టెన్, యుద్ధం తర్వాత వాళ్ళు గెలిచిన మొదటి కప్పును, మొదటి లీగ్ టైటిల్‌నూ తన చేతులతో అందుకున్న మనిషి, ఎవరికైనా జ్వరం వస్తే పిలవడానికి అడ్డగీత కింద ఉన్నాడు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. "ఎక్కడైనా సరిపోతాడు" అనే మెప్పు కేరీకి న్యాయం చేయలేదు. ఆయన ఎక్కడైనా ఆడగలిగింది సర్దుకుపోయే స్వభావం వల్ల కాదు, ఆటను పూర్తిగా చదవగలగడం వల్ల. ఆ తేడాను గుర్తించకపోవడం వల్లే బతికున్న రోజుల్లో కొందరు ఆయన్ని తేలిగ్గా వాడుకున్నారు, ఇప్పుడు మనం తేలిగ్గా పక్కన పెడుతున్నాం.

250 పౌండ్ల కుర్రవాడు

కేరీ 1919 ఫిబ్రవరి 23న డబ్లిన్‌లో పుట్టారు. చిన్నతనంలో గేలిక్ ఫుట్‌బాల్ కూడా బాగా ఆడారు. ఆ ఆటలో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, గాల్లోకి ఎగిరి రెండు చేతులతో ఒడిసిపట్టడం అందులో ఒక పెద్ద విద్య. ఈ సంగతి తర్వాత మళ్ళీ పనికొస్తుంది. 1936లో సెయింట్ జేమ్స్ గేట్ అనే డబ్లిన్ క్లబ్బుకు ఆడుతుండగా, యునైటెడ్ కోసం ఆటగాళ్ళను వెతికే లూయిస్ రోకా మాంచెస్టర్ నుంచి వేరే కుర్రవాణ్ణి చూడటానికి వచ్చినప్పుడు, ఆయన కళ్ళు ఈయన మీద పడ్డాయి. 250 పౌండ్లకు బేరం కుదిరింది. అప్పటికి ఆయనకు 17 ఏళ్ళు.

అప్పుడు ఆయన డిఫెండర్ కాదు, ఇన్‌సైడ్ ఫార్వర్డ్, అంటే ముందు వరుసలో మధ్యకు దగ్గరగా ఆడేవాడు. 1937 సెప్టెంబరులో సౌతాంప్టన్ మీద యునైటెడ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడినప్పుడూ, 1938లో ఆ జట్టు రెండో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కు ఎక్కినప్పుడూ ఆయన ముందు వరుస మనిషే. ఆ దారిలోనే వెళ్ళి ఉంటే మనకు ఇంకొక కేరీ తెలిసేవారు. కానీ 1939లో యుద్ధం వచ్చింది. 20వ ఏట ఆగిన ఆట మళ్ళీ సక్రమంగా మొదలయ్యేసరికి ఆయనకు 26 ఏళ్ళు నిండాయి. ఒక ఫార్వర్డ్ జీవితంలో కాళ్ళకు అత్యంత వేగం ఉండే ఏళ్ళు మధ్యప్రాచ్యంలోనూ ఇటలీలోనూ బ్రిటిష్ సైన్యంలో గడిచిపోయాయి. ఈ లెక్క చూసుకోకుండా ఆయన స్థానం మారిన సంగతి మాట్లాడుకోవడం సరికాదు.

1945లో మేనేజరుగా వచ్చిన మ్యాట్ బస్బీకి ఒక క్లబ్బు ఉంది కానీ మైదానం లేదు. 1941 మార్చిలో పడిన బాంబులకు ఓల్డ్ ట్రాఫర్డ్ ధ్వంసమైంది. 1949 వరకు పొరుగు జట్టు మాంచెస్టర్ సిటీవారి మెయిన్ రోడ్ మైదానాన్ని అద్దెకు తీసుకుని ఆడుకోవలసి వచ్చింది. బస్బీ చేసిన మొదటి పనుల్లో ఒకటి కేరీని కెప్టెన్ చేయడం. తర్వాత ఆయన్ని ముందు నుంచి వెనక్కి జరిపాడు, మొదట మధ్య వరుసలో హాఫ్‌బ్యాక్‌గా, ఆ తర్వాత వెనక వరుసలో కుడి ఫుల్‌బ్యాక్‌గా. జాన్ ఆస్టన్‌ను కూడా అలాగే వెనక్కి తెచ్చి ఎడమ ఫుల్‌బ్యాక్‌ను చేశాడు.

కుడి వెనక మూల

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఆ రోజుల్లో ఫుల్‌బ్యాక్ పని ఏమిటి? మైదానం అంచు వెంట దూసుకువచ్చే ఎదుటి వింగర్‌ను గీత దగ్గరే ఆపడం, బంతి దొరికితే శక్తికొద్దీ దూరంగా తన్నడం. లేసు కుట్టిన తోలు బంతి వానలో తడిస్తే బరువెక్కిపోయేది. దాన్ని మైదానం అవతలికి పంపగలిగినవాడే మంచి ఫుల్‌బ్యాక్ అనే అభిప్రాయం చాలామందికి ఉండేది. జట్టులో అతి తక్కువ ఆలోచన అవసరమైన చోటు అదేనన్నట్టు చూసేవారు.

బస్బీ స్వయంగా హాఫ్‌బ్యాక్‌గా ఆడినవాడు, పాసు ఇవ్వడంలో పేరున్నవాడు. పాసు ఇవ్వడం తెలిసిన ఇద్దరిని తీసుకువెళ్ళి వెనక వరుసలో నిలబెట్టడం అంటే, ఆట ఎక్కడ మొదలవ్వాలి అనే ప్రశ్నకే ఆయన జవాబు మార్చాడన్నమాట. కేరీ ఫుల్‌బ్యాక్‌గా చేసిన పని చూడండి. వింగర్ మీదికి దూకరు. అతనికి ఒకవైపు దారి తెరిచి ఉంచి, అతను ఆ దారినే పోయేలా చేసి, ముందే అక్కడ ఉంటారు. బంతి చిక్కాక గాల్లోకి తన్నరు. దగ్గరలో ఉన్న హాఫ్‌బ్యాక్ కాలికి అందిస్తారు. ఫార్వర్డ్‌గా ఆడినవాడికి ఎదుటి ఫార్వర్డ్ తర్వాత ఏం చేయబోతాడో తెలుస్తుంది. హాఫ్‌బ్యాక్‌గా ఆడినవాడికి, బంతి అందుకోబోయే తన హాఫ్‌బ్యాక్‌కు అది ఏ కాలికి వస్తే హాయో తెలుస్తుంది. మూడు స్థానాల్లో ఆడటం మూడు పనులు నేర్వడం కాదు. ఒకే పనిని మూడు వైపుల నుంచి చూడటం.

జుట్టు త్వరగా పలచబడిన తల, తొందర లేని నడక, మైదానం బయట నోట్లో పైపు. అప్పటి ఫోటోల్లో ఆయన తన వయసు కంటే పదేళ్ళు పెద్దగా కనిపిస్తారు. ఆ నిదానాన్ని చాలామంది స్వభావం అనుకున్నారు. తర్వాతి క్షణంలో ఏం జరగబోతుందో తెలిసినవాడికి పరిగెత్తవలసిన అవసరం తక్కువ ఉంటుంది.

ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్, 1948లో, దీనికి మంచి సాక్ష్యం. ఆ ఏడాది యునైటెడ్‌కు ప్రతి రౌండులోనూ మొదటి డివిజన్ జట్టే ఎదురైంది. ఆస్టన్ విల్లాతో మొదటి నిమిషంలోనే గోల్ ఇచ్చి, విరామానికి 5-1కి చేరి, చివరకు 6-4తో గెలిచారు. సొంత మైదానం లేకపోవడంతో లివర్‌పూల్‌తో తమ వంతు మ్యాచ్‌ను గుడిసన్ పార్కులోనూ, చార్ల్‌టన్‌తో ఆటను హడర్స్‌ఫీల్డ్‌లోనూ ఆడారు. ఏప్రిల్ 24న వెంబ్లీలో బ్లాక్‌పూల్‌తో ఫైనల్. ఇంకా 20 నిమిషాలు ఉందనగా 2-1తో వెనకబడి ఉన్నారు. అటువంటి సమయంలో బంతిని ముందుకు తన్నేసి దేవుడి మీద భారం వేయడం మామూలు. వాళ్ళు వెనక నుంచి పాసులు అల్లుకుంటూ వచ్చే తమ పద్ధతిని వదలలేదు. 70వ నిమిషంలో రౌలీ తలతో సమం చేశాడు, 80వ నిమిషంలో పియర్సన్ ఆధిక్యం తెచ్చాడు, వెంటనే ఆండర్సన్ నాలుగోది వేశాడు. 4-2.

దీనికి ఎదురు చెప్పేవారు ఒక మాట అనవచ్చు. ఆ రోజు బ్లాక్‌పూల్‌కు ప్రాణమైన స్టాన్లీ మాథ్యూస్ కుడి వింగు మీద ఆడాడు కాబట్టి అతన్ని కాసుకున్నది ఎడమ వైపు ఆస్టన్, కేరీ కాదు. అది నిజమే. కేరీ గొప్పతనం మాథ్యూస్‌ను ఆపడంలో ఉందని నేను చెప్పను. వెనకబడిన జట్టును తొందరపడనివ్వకుండా ఉంచడంలో ఉందంటాను. ఇది గణాంకాల్లో కనిపించదు. 344 మ్యాచ్‌లు, 17 గోల్స్ అని రాస్తే యునైటెడ్ లెక్క అయిపోతుంది. అయితే 1948లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ రచయితలు ఏటేటా ఒక ఉత్తమ ఆటగాణ్ణి ఎన్నుకోవడం మొదలుపెట్టినప్పుడు తొలి పేరు మాథ్యూస్‌ది, మరుసటి ఏడు రెండో పేరు కేరీది. వారం వారం చూసినవాళ్ళకు తెలిసింది.

మూడు రోజుల్లో రెండు ఐర్లండ్‌లు

కేరీ గురించి నాకు బాగా ఇష్టమైన ఘట్టం 1946 సెప్టెంబరు చివరి వారం. 28వ తేదీ శనివారం బెల్ఫాస్ట్‌లోని విండ్సర్ పార్కులో ఐర్లండ్ తరఫున ఇంగ్లండ్ మీద ఆడారు. 7-2తో ఓడిపోయారు. ఒక్క ఆదివారం గడిచింది. 30వ తేదీ సోమవారం డబ్లిన్‌లోని డాలీమౌంట్ పార్కులో ఐర్లండ్ కెప్టెన్‌గా మళ్ళీ ఇంగ్లండ్ మీద ఆడారు. ఆఖరి పది నిమిషాల్లో ఇంగ్లండ్ ఆటగాడు టామ్ ఫిన్నీ వేసిన ఒకే ఒక్క గోల్‌తో ఓడిపోయారు.

రెండూ ఐర్లండే, రెండు జట్లూ ఒకటి కాదు. దేశం రెండుగా చీలిన తర్వాత ఫుట్‌బాల్ సంఘాలు కూడా రెండయ్యాయి. బెల్ఫాస్ట్ సంఘం దీవి మొత్తం తనదేనంటూ దక్షిణాది వాళ్ళను కూడా పిలిచేది. 1921లో పుట్టిన డబ్లిన్ సంఘం తన జట్టును కూడా ఐర్లండ్ అనే పిలిచేది. పిలుపు వస్తే ఆటగాడు రెండు చోట్లకూ వెళ్ళేవాడు. కేరీ డబ్లిన్ జట్టుకు 29 మ్యాచ్‌లు, బెల్ఫాస్ట్ జట్టుకు 7 మ్యాచ్‌లు ఆడారు. ఈ వింత 1950 వరకు సాగింది. అదే ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో రెండు ఐర్లండ్‌లకూ ఆడిన నలుగురు కూడా ఉన్నారు. కాన్ మార్టిన్ వారిలో ఒకరు.

దీన్ని చూసి కొందరు నిలకడ లేని విధేయత అంటారు. దానికి సైన్యం సంగతి కూడా చేరుస్తారు. యుద్ధంలో ఐర్లండ్ తటస్థంగా ఉంది. కేరీ సైన్యంలో చేరవలసిన నిర్బంధం లేదు, ఇంటికి వెళ్ళిపోవచ్చు. తనకు జీతమిచ్చి పోషిస్తున్న దేశం కోసం పోరాడటం న్యాయమని ఆయన అనేవారని చెబుతారు. తండ్రుల తరం ఆ సైన్యానికి ఎదురు నిలిచి పోరాడిన డబ్లిన్‌లో ఆ మాట అందరికీ రుచించి ఉండదు. నాకు కూడా ఈ విషయంలో చాలాకాలం సందేహం ఉండేది. రెండు సంఘాలు పిలిచినా వెళ్ళి, పక్క దేశపు సైన్యంలో చేరి, 1947 మేలో గ్లాస్గోలో గ్రేట్ బ్రిటన్ మీద మిగతా యూరప్ జట్టుకు కెప్టెన్‌గా కూడా ఉన్న మనిషి అసలు ఎవరి మనిషి?

ఇప్పుడు ఆ ప్రశ్న తప్పని అనుకుంటున్నాను. దేశాన్ని రెండు సంఘాలుగా చీల్చింది ఆయన కాదు. ఒకే పేరును ఇద్దరు వాడుకోవడం సంఘాల పెద్దల పేచీ. ఆ పేచీని తీర్చడం వాళ్ళ చేత కాలేదు. మధ్యలో ఒక్క రోజు విశ్రాంతితో రెండు మ్యాచ్‌లు ఆడి ఆ భారం మోసింది ఆటగాళ్ళు. విధేయత ఎవరు చూపలేదు అని అడగవలసి వస్తే, నేను సంఘాలనే అడుగుతాను. మిగతా యూరప్ జట్టు సంగతికి వస్తే, ఇటలీ, స్వీడన్, డెన్మార్క్, ఫ్రాన్స్ ఇలా తలో దేశం నుంచి వచ్చి, ఒకరి భాష ఒకరికి రాని పదకొండు మంది, లక్షా 35 వేల మంది ముందు 6-1తో ఓడిపోయారు. అందులో ఆశ్చర్యం లేదు. ఆ పదకొండు మందినీ నడిపించమని ఎవరికి చెప్పారన్నదే నాకు ముఖ్యం.

ఇక 1949 సెప్టెంబరు 21. గుడిసన్ పార్కులో డబ్లిన్ వారి ఐర్లండ్ ఇంగ్లండ్‌ను 2-0తో ఓడించింది. మొదటిది కాన్ మార్టిన్ పెనాల్టీ. రెండోది అదే మైదానంలో ఎవర్టన్‌కు ఆడే పీటర్ ఫారెల్ ఆఖరి నిమిషాల్లో వేసిన గోల్. కేరీ కుడి ఫుల్‌బ్యాక్, కెప్టెన్. ఆయనకు ఎదురుగా ఎడమ వింగు మీద ఉన్నది ఫిన్నీ, మూడేళ్ళ క్రితం డబ్లిన్‌లో గోల్ వేసిన అదే ఫిన్నీ. ఇంగ్లండ్ వెనక వరుసలో ఎడమ ఫుల్‌బ్యాక్, క్లబ్బులో కేరీకి తోడుగా ఆడే ఆస్టన్. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌ల ఆవల నుంచి వచ్చిన ఒక జట్టు ఇంగ్లండ్ గడ్డ మీద ఇంగ్లండ్‌ను ఓడించడం అదే మొదటిసారి.

అయినా ఈ విజయం చాలామందికి గుర్తుండదు. ఇంగ్లండ్ సొంతగడ్డ మీద విదేశీయుల చేతిలో మొదటిసారి ఓడింది ఎప్పుడని అడిగితే 1953 నవంబరు, హంగరీ, 6-3 అని చెప్పడం అలవాటైపోయింది. గుడిసన్‌లో గెలిచినవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లండ్ క్లబ్బుల్లోనే ఆడేవాళ్ళు. వాళ్ళు మరీ విదేశీయులు కారు, స్వదేశీయులూ కారు. ఏ గడిలోనూ ఇమడలేదు కాబట్టి లెక్కలోంచి జారిపోయారు. మా మేనల్లుడి కాగితం మీద కేరీకి జరిగింది ఇదే.

మా నాన్నగారి నోటుపుస్తకాలు

ఈ విషయం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే ఒక ఇంటి సంగతి చెప్పాలి. మా నాన్నగారు ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారు. లెక్కల మాస్టారు బదిలీ అయి ఏడాదిన్నర వరకు కొత్తవారు రాకపోతే, పదో తరగతికి లెక్కలు కూడా ఆయనే చెప్పారు. సైన్సు టీచరు ప్రసూతి సెలవు మీద వెళితే ఆ క్లాసులు కూడా ఆయనకే వచ్చాయి. రిటైర్మెంట్ సభలో శాలువా కప్పిన పెద్దాయన మైకు ముందు నిలబడి, "ఏ క్లాసుకు పంపినా కాదనని మనిషి, సర్దుకుపోయే మనిషి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ మనిషి రాత్రి భోజనాలయ్యాక హాల్లో చాప వేసుకుని, ఎడమ చేతి పక్కన పాఠ్యపుస్తకం, కుడి చేతి పక్కన నోటుపుస్తకం పెట్టుకుని, తనకు రాని క్షేత్రగణితాన్ని ఒక్కొక్క సిద్ధాంతమే గీసుకుంటూ నేర్చుకోవడం నేను చూశాను. పిల్లలు ఎక్కడ తికమకపడతారో అక్కడ ఎర్ర సిరాతో చుక్క పెట్టుకునేవారు. ఆ నోటుపుస్తకాలు అమ్మ ఇప్పటికీ ట్రంకు పెట్టెలో దాచింది. సభలో ఎవరూ వాటి మాట ఎత్తలేదు. సర్దుకుపోయాడు అంటే ఆయనకు ఏదీ బరువు కాలేదు అనే అర్థం వస్తుంది. బరువు కాలేదని ఎవరు చెప్పారు?

మన దగ్గర "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి" అంటారు. అది పైకి దౌర్జన్యం గురించి చెప్పిన మాటలా ఉంటుంది కానీ, మెచ్చుకుంటూ మొత్తడం కూడా ఉంటుంది. కేరీకి "జెంటిల్మన్ జాన్" అనే పేరు వచ్చింది. ఆ పేరు ఆయనకు తగినదే. ఆ పేరు పెట్టిన లోకం ఆయనతో ఎలా నడుచుకుందో కూడా చూడాలి.

టాక్సీలో చెప్పిన మాట

1953లో ఆట ముగించాక కేరీ బ్లాక్‌బర్న్ రోవర్స్‌కు మేనేజరయ్యారు. 1958లో ఆ జట్టు మొదటి డివిజన్‌కు ఎక్కాక, అదే ఏడాది ఎవర్టన్ పిలిస్తే వెళ్ళారు. 1961 వసంతంలో ఎవర్టన్ పట్టికలో ఐదో స్థానంలో ముగిసింది. యుద్ధం తర్వాత వాళ్ళు చేరిన అత్యున్నత స్థానం అదే. అటువంటి సీజన్ చివర్లో లండన్‌లో ఫుట్‌బాల్ లీగ్ సమావేశానికి వెళ్ళినప్పుడు, టాక్సీ వెనక సీటులో పక్కన కూర్చున్న చైర్మన్ జాన్ మూర్స్, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు చెప్పాడు. ఆ తర్వాత మైదానాల్లో ఏ మేనేజరు తడబడినా జనం అతనికి టాక్సీ పిలవమని అరవడం మొదలుపెట్టారు. ఆ కేక ఇప్పటికీ వినిపిస్తుంది. కేకవేసేవాళ్ళలో ఎక్కువమందికి ఆ టాక్సీలో కూర్చున్నది ఎవరో తెలియదు.

మూర్స్ వైపు న్యాయం లేదని అనను. కేరీ స్థానంలో వచ్చిన హ్యారీ క్యాటరిక్ రెండేళ్ళకే, 1963లో, ఎవర్టన్‌ను లీగ్ విజేతను చేశాడు. మేనేజరుగా కేరీకి కాఠిన్యం చాలలేదని, ఆటగాళ్ళు మంచిగా ఆడతారని నమ్మి వదిలేసేవారని అప్పటి నుంచి అంటున్నవాళ్ళ మాటను కొట్టివేయలేను. చదవగలిగినవాడు మిగతావాళ్ళు కూడా అలాగే చదవగలరని అనుకుంటాడు. అది ఒక లోపమే. కానీ ఆ లోపం ఉన్న మనిషే వెంటనే లేటన్ ఓరియంట్‌కు వెళ్ళి, ఒక్క ఏడాదిలో ఆ చిన్న క్లబ్బును మొదటి డివిజన్‌కు ఎక్కించారు. వాళ్ళ చరిత్రలో అంతకుముందూ ఆ తర్వాతా అలా జరగలేదు. తర్వాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ను 1967లో రెండో స్థానానికి తెచ్చి, అదే ఏడాది కప్పులో సెమీఫైనల్ దాకా నడిపించారు. ఆ ఏడాది మొదటి స్థానం బస్బీ యునైటెడ్‌ది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఐర్లండ్ జట్టు వ్యవహారం. 1955 నుంచి 1967 వరకు కేరీ డబ్లిన్ సంఘం వారి జాతీయ జట్టుకు మేనేజరు. ఆ పన్నెండేళ్ళూ జట్టును ఎంపిక చేసింది ఆయన కాదు, సెలక్షన్ కమిటీ. వాళ్ళు ఇచ్చిన పదకొండు మందిని మ్యాచ్ రోజున కూడగట్టి, మాట చెప్పి మైదానంలోకి పంపడం ఆయన పని. తొమ్మిది స్థానాలను లోపలి నుంచి తెలిసిన మనిషి గదిలో ఉండగా, ఏ స్థానంలో ఎవరు ఆడాలో బల్ల చుట్టూ కూర్చున్న అధికారులు తేల్చేవారు. 1957 మేలో డాలీమౌంట్‌లో ఇంగ్లండ్‌తో ప్రపంచ కప్పు అర్హత మ్యాచ్. మూడో నిమిషంలో ఆల్ఫ్ రింగ్‌స్టెడ్ గోల్ వేశాడు. ఆ ఒక్క గోల్‌ను పట్టుకుని ఐర్లండ్ ఆట అంతా నిలబడింది. చివరి క్షణాల్లో జాన్ అట్యో తలతో సమం చేశాడు. నిండిన మైదానం ఒక్కసారిగా మూగబోయిందని ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు చెప్పుకునేవారు. ప్రపంచ కప్పు ఆశ అక్కడే పోయింది. ఆ ఫలితానికి కమిటీ కారణమని నేను అనడం లేదు. ఆ నిశ్శబ్దంలో మైదానం పక్కన మేనేజరు హోదాలో ఉన్న మనిషికి జట్టు మీద తన మాట అంటూ ఒకటి లేదు, అంతే.

ఆయన ఎందుకు ఒప్పుకున్నారు? ఎందుకు ఎదురు తిరగలేదు? ఇక్కడ నా వాదన కొంత బలహీనపడుతుందని ఒప్పుకోవాలి. ఒక మనిషి పన్నెండేళ్ళు ఒక అవమానాన్ని మోస్తే, అతనికి అది అవమానంగా తోచలేదేమో అని అడిగే హక్కు చదివేవారికి ఉంది. ఆయన తరం ఆటగాళ్ళకు వారానికి ఇంతకు మించి జీతం ఇవ్వకూడదని లీగ్ నియమం ఉండేది. 1951లో ఆ హద్దు 14 పౌండ్లు. విజేతల కెప్టెన్‌కైనా అంతే. ఆ నియమం పోయింది 1961లో, ఆయన ఆట ముగిసిన ఎనిమిదేళ్ళకు. హద్దులన్నీ వేరేవాళ్ళు గీసిన లోకంలో పెరిగిన మనిషి, ఆ హద్దుల లోపల తన పనిని ఎంత బాగా చేయవచ్చో చూసుకున్నాడు. దాన్ని బలహీనత అనగలిగేవాళ్ళు అనవచ్చు. నాకు మాత్రం చాప మీద కూర్చుని సిద్ధాంతాలు గీసుకునే మనిషి గుర్తుకువస్తారు.

ఆకుపచ్చ గీత దగ్గర

మళ్ళీ మా మేనల్లుడి కాగితం దగ్గరకు వస్తాను. వాడితో ఆ రాత్రి చాలాసేపు మాట్లాడాను. ఒక మంచి ప్రశ్న వేశాడు. "అయితే ఆయనకు బాగా వచ్చిన స్థానం ఏది మామయ్యా? అన్నీ అంటే కుదరదు" అన్నాడు. కుడి ఫుల్‌బ్యాక్ అని చెప్పాను. అయితే 1951-52లో యునైటెడ్ 41 ఏళ్ళ తర్వాత లీగ్ గెలిచినప్పుడు, ఆ సీజన్ రెండో భాగంలో 33 ఏళ్ళ కేరీ కుడి ఫుల్‌బ్యాక్‌ను కుర్రవాడైన మెక్‌నల్టీకి వదిలి హాఫ్‌బ్యాక్‌గా ముందుకు జరిగారని కూడా చెప్పాను. అంతకుముందు ఐదు సీజన్లలో నాలుగుసార్లు రెండో స్థానంతో ఆగిపోయిన జట్టు అది. ఏప్రిల్ 26న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆర్సెనల్ మీద 6-1తో గెలిచి టైటిల్ ఖాయం చేసుకుంది. తన చోటు వదలడం కూడా ఆయన చదువులో భాగమేనని అన్నాను. వాడు ఏమీ అనలేదు. పెన్సిలుతో కేరీ పేరు చుట్టూ ఒక ఆకుపచ్చ గీత గీసి, అడ్డగీత పైకి ఒక బాణం వేసి, ఏ గడి దగ్గరా ఆపకుండా వదిలేశాడు.

నేను వాడికి చెప్పిన చివరి సంగతి సండర్లాండ్ మ్యాచ్. 1953 ఫిబ్రవరి 18. గోల్‌కీపర్ జాక్ క్రాంప్టన్‌కు ఒంట్లో బాగాలేకపోయింది.  ఇంకో ఐదు రోజుల్లో 34 ఏళ్ళు నిండబోయే కెప్టెన్, గోల్‌కీపర్ స్వెట్టరు తొడుక్కుని వెళ్ళి స్తంభాల మధ్య నిలబడ్డారు. డబ్లిన్‌లో కుర్రతనాన గేలిక్ ఆటలో బంతిని గాల్లో ఒడిసిపట్టిన చేతులు అవి. ఆట 2-2తో ముగిసింది. ఇంతకాలం ఎక్కడ నిలబడినా ఆయన వెనక ఎవరో ఒకరు ఉండేవారు. ఆ రోజు మాత్రం ఆడుతున్న ఇరవై ఒక్క మందీ ఆయన కళ్ళ ముందే ఉన్నారు.